రాళ్ళవాగు సామంతుడు

ఆ మధ్యాహ్నం స్వరూప ఒక కరువును సవరిస్తూ కూర్చుంది. వానలు వరసగా తప్పితే చిన్న సంస్థానం ఎప్పుడు చేతులెత్తేస్తుంది, చెరువుకు గండి పడితే ఎన్ని ఊళ్ళు వలసపోతాయి, కడుపు మాడిన సైన్యం కోటను ఎన్నాళ్ళు కాస్తుంది, ఇవన్నీ తేల్చడం ఆమె ఉద్యోగం. చరిత్రలో ఎం.ఏ. చేసి, కొన్నేళ్ళు కాలేజీలో పాఠాలు చెప్పి, ఆఖరుకు హనుమకొండలోనే ఒక ఆటల కంపెనీలో నిబంధనలు రాసే పనిలో కుదురుకుంది.

ఆఫీసుకు ఎన్నడూ రాని తమ్ముడు మొగిలి ఆ రోజు వచ్చి, వరండాలో నిలబడి కబురంపాడు. స్వరూప బయటికి వచ్చి చూస్తే అతని మెడలో ఆసుపత్రి కార్డు లేదు. అది లేకుండా తమ్ముణ్ణి పనివేళల్లో చూసి చాలా ఏళ్ళయింది.

"తాళాలు గుంజుకున్నరక్కా," అన్నాడు.

ఊళ్ళోని పెద్ద ప్రైవేటు ఆసుపత్రిలో మందుల స్టోరు బాధ్యత మొగిలిదే. ఆపరేషన్లకు వాడే మత్తు ఇంజెక్షన్ల అల్మారా తాళం చెవులు ఎప్పుడూ అతని నడుముకే ఉండేవి. ఆ అల్మారాలోంచి ఈమధ్య కొన్ని ఇంజెక్షన్లు మాయమయ్యాయి. విచారణ జరిపారు, ఎవరూ దొరకలేదు. అప్పుడు యాజమాన్యం మత్తు డాక్టరు మొదలు నర్సుల దాకా, ఆ అల్మారా ముట్టుకునే వాళ్ళందరి చేతా చిన్న గాజు గొట్టాల్లో ఉమ్మి వేయించింది. కొందరికి పచ్చరంగు వచ్చింది, కొందరికి పసుపు. మొగిలికి ఎరుపు. రంగు కింద 'వంశానుగత ప్రమాణభంగ ధోరణి అధికం' అని ఒక ముక్క.

దొంగతనం చేశావని ఎవరూ అనలేదట. సాక్ష్యం లేదని వాళ్ళే ఒప్పుకున్నారట. కాకపోతే ఇలాంటి రక్తం ఉన్న మనిషి దగ్గర తాళాలుంచడం రోగులకు క్షేమం కాదని చెప్పి, అందరి ముందూ చెవులగుత్తి విప్పించుకుని ఇంటికి పంపారట.

"మన నాయిన ఎవలకన్న మాటిచ్చి తప్పిండా అక్కా?" అని అడిగాడు మొగిలి. "తాత తప్పిండా? నాకు యాదికి లేదు. నీకేమన్న ఎరుకనా?"

తండ్రి, తాత సంగతి ఆలోచించడం లేదామె. 'ప్రమాణభంగం' అన్న మాట దగ్గరే ఆగిపోయింది. ఆ మాటను ఆటలోకి తెచ్చింది ఆమే.

ఆ ఆట పేరు 'ఏలుబడి'. తెలుగు నేల మీద దాన్ని ఆడని ఇల్లు ఆ రోజుల్లో అరుదు. అందులో ఆటగాడంటే ఒక రాజు కాదు, ఒక వంశం. రాజు చచ్చిపోతే ఆట ఆగదు. కొడుకై, కొడుకు లేకపోతే దత్తుడై, అదీ కాకపోతే పసివాణ్ణి ఒళ్ళో పెట్టుకున్న కోడలై గద్దెను నిలుపుకోవాలి. పెళ్ళిళ్ళతో పొత్తులు కలుపుకోవాలి, చెరువులు తవ్వించాలి, దాయాదుల మీద ఓ కన్నేసి ఉంచాలి, చక్రవర్తికి కత్తి ముట్టి ప్రమాణం చేసి కప్పం కట్టాలి. ఒక వంశాన్ని మొదటి నుంచి చివరిదాకా నడపడానికి నెలలు పట్టేది. ఆదివారాలు అక్కాతమ్ముళ్ళు ఎదురెదురుగా కూర్చుని ఆడేవాళ్ళు. మొగిలి భార్య శోభ మధ్యలో వచ్చి, మీ రాజ్యాలు మునగ, అన్నం చల్లారుతోందని మందలించేది.

ఆట మొదలుపెట్టగానే ఇంటిపేరు, సొంతూరు అడుగుతుంది. శాసనాల్లోనో వంశావళుల్లోనో కనిపించే ఇంటిపేర్లకు పెద్ద గద్దెలు దొరుకుతాయి. ఎక్కడా పేరు లేని వాళ్ళకు మూలనున్న చిన్న సంస్థానాలు. 'మీ పూర్వీకుల గద్దె మీకే' అన్నది కంపెనీ అధిపతి సాకేత్ ఆలోచన. ఆట అంతగా అమ్ముడుపోయింది దానివల్లే. మొగిలికి రాళ్ళవాగు అనే సామంతరాజ్యం వచ్చింది. ఎర్రదుబ్బ నేల, నాలుగు ఈతవనాలు, ఒక మట్టికోట. మనకు ఇంతకన్నా ఎవరిస్తారని నవ్వి, అతను దాన్నే ముద్దుగా ఏలుకున్నాడు.

'వంశదీపం' ఆ తర్వాత వచ్చింది. సాకేత్ కింది అంతస్తులో ప్రయోగశాల పెట్టి, డాక్టర్ మృణాళిని అనే జన్యుశాస్త్రవేత్తను తీసుకొచ్చాడు. ఆటగాడు గొట్టంలో ఉమ్మి పంపితే యంత్రం అందులోని జన్యువులను చదువుతుంది. అలాంటి జన్యువులే ఉన్నవాళ్ళు 'ఏలుబడి'లో ఎలా ఆడారో వెతుకుతుంది. దాన్నిబట్టి ఆ వంశం శూరులదా, లోభులదా, మాట తప్పేవాళ్ళదా తేల్చి చెబుతుంది. మొదట్లో అది సరదా. జనం తమ ముత్తాతల గుణాలు చదువుకుని మురిసిపోయారు. తర్వాత సాకేత్ దాన్నే ఆసుపత్రులకూ స్కూళ్ళకూ గిడ్డంగులకూ 'నమ్మిక పరీక్ష' అని పేరు పెట్టి అమ్మసాగాడు. ఆ సంగతి స్వరూప చెవిన పడింది. తనకు సంబంధించిన పని కాదు కదా అనుకుంది.

మరునాడు పొద్దున్నే ఆమె సాకేత్ గదికి వెళ్ళింది. సాకేత్ కటువుగా మాట్లాడే మనిషి కాదు. కుర్చీ చూపించాడు, టీ తెప్పించాడు, మొగిలికి జరిగినదానికి బాధగా ఉందన్నాడు. కానీ యంత్రం ఎవరినీ దొంగ అనదని, వాతావరణం చెప్పినట్టు చెబుతుందంతేనని, మబ్బు పట్టిందని తెలిశాక గొడుగు పట్టుకెళ్ళడం తప్పా అని అడిగాడు.

"గొడుగు ఆసుపత్రోళ్ళకు సార్. తడిసేటోడు మా తమ్ముడు," అంది స్వరూప.

లక్షల మంది ఆటను లక్షల మంది రక్తంతో పోల్చి చూసిన యంత్రం అది, మనకు కనిపించనిది దానికి కనిపిస్తుంది అని సాకేత్ ఓపికగా వివరించాడు. పసిపిల్లకు నచ్చజెప్పేవాడి ఓపిక. అది చూసి ఆమెకు ఒళ్ళు మండింది. టీ ముట్టకుండా లేచి, తిన్నగా ప్రయోగశాలకు దిగి, బల్ల మీదున్న గొట్టాల్లో ఒకటి తీసి, మృణాళిని చూస్తుండగానే అందులో ఉమ్మి ఆమె చేతికిచ్చింది. కంపెనీ ఉద్యోగులకు ఈ పరీక్ష చెయ్యకూడదన్న నియమం ఉందని మృణాళిని నసిగింది. ఎందుకు చెయ్యకూడదని స్వరూప అడిగితే, గొట్టం తీసుకెళ్ళి యంత్రంలో పెట్టింది. కాసేపటికి యంత్రం జవాబిచ్చింది. ఎరుపు.

"చూసిండ్రా మేడం," అంది స్వరూప. "మీ ఆటల ప్రమాణాలన్నీ రాసిన చెయ్యి ఇదే. మా తమ్ముణ్ణి పంపినట్టే దీన్ని గూడ ఇంటికి పంపాలె."

మృణాళిని ఎవరికీ చెప్పననిగానీ, చెబుతాననిగానీ అనలేదు. ఏమైనా అడగాలనిపిస్తే మళ్ళీ రమ్మంది.

ఇంటి దగ్గర అప్పటికే సంగతి పాకిపోయింది. ఊరెళ్ళేటప్పుడు తాళం చెవి శోభ చేతిలో పెట్టి వెళ్ళే పక్కింటివాళ్ళు, ఈసారి దాన్ని వీధి చివర కిరాణా కొట్టులో ఇచ్చి వెళ్ళారు. వాళ్ళు కనీసం తనతో పోట్లాడినా బాగుండేదని, నవ్వుతూ పలకరించి మరీ వెళ్ళారని శోభ చెప్పుకుని ఏడ్చింది.

ఆదివారం మొగిలి ఆడనన్నాడు. స్వరూప వినలేదు. నువ్వు పక్కన కూర్చో, నీ రాళ్ళవాగును మొదటి నుంచి నేను ఆడి చూస్తానంది. నిబంధనలు పరీక్షించే మనిషి కాబట్టి కంపెనీ ఆమెకు మొదటినుంచీ చక్రవర్తి గద్దెనే ఇచ్చింది. అన్నేళ్ళలో కింది నుంచి ఆడటం ఆమెకు అదే మొదలు.

మొదటి తరం సాఫీగా గడిచింది. చెరువు తవ్వించింది, పక్క సంస్థానం పిల్లను కోడలిగా తెచ్చుకుంది. రెండో తరంలో వానలు ముఖం చాటేశాయి. ఈసారి ఆటే నడుపుతున్న చక్రవర్తి ఉత్తరాన యుద్ధంలో చిక్కుకుని కప్పం మూడింతలు చేశాడు. ఆ నిబంధన స్వరూపదే. కరువు రోజుల్లో కప్పం పెంచిన ఏలికల గురించి చదివి, కడుపు మండి, ఉన్నదున్నట్టు రాసింది. ఇప్పుడు గాదెలు ఊడ్చి ఒక ఏడు కట్టింది. మరుసటేడు కట్టడానికి గింజ లేదు. కప్పానికి హామీగా కూతుర్ని రాజధానికి పంపమని భటులు వచ్చి కోట ముందు నిలబడ్డారు. తెర మీద బొమ్మపిల్లే. చెన్నమ్మ అని పేరు. స్వరూప చెయ్యి మాత్రం ముందుకు కదల్లేదు.

"నేను మాట తప్పింది ఈడనే," అన్నాడు మొగిలి. "పిల్లను పంపితే మల్ల రాదు. పంపకుంటే ద్రోహి అంటరు. ఊళ్ళు ఎండుతున్నయి. ఇంక కప్పం ఎవలకు కట్టాలె అని, విత్తనాలకు దాసిన గింజలు జనానికి పంచిన. పంచంగనే ప్రమాణభంగం అని ముద్ర పడ్డది."

"ఇంకో తొవ్వ లేదా?"

"రాసింది నువ్వే గదక్కా. ఉంటే చెప్పు."

ఆమె వెతికింది. పొరుగువాళ్ళ సాయం అడిగింది, వాళ్ళకూ కరువే. చక్రవర్తి కాళ్ళు పట్టుకుంది, ఆ వేడికోలు వినాలన్న అవసరం చక్రవర్తికి ఏ నిబంధనలోనూ లేదు. ఆఖరుకు తనూ గింజలు పంచింది. ముద్ర పడింది.

అప్పుడు ఆమెకు మొత్తం కళ్ళకు కట్టింది. రాళ్ళవాగు లాంటి గద్దె మీద కూర్చున్నవాడెవడైనా సరే, జనాన్ని బతికించుకోవాలంటే మాట తప్పాల్సిందే. ఆ గద్దెలు దక్కింది శాసనాల్లో పేరు లేని వాళ్ళకు. వాళ్ళంతా తరాల తరబడి తమలో తాము వియ్యమందుకున్న చుట్టపక్కాలు, రక్తంలో పోలికలు లేకుండా ఎలా ఉంటాయి? యంత్రానికి గద్దె సంగతి ఎవరూ చెప్పలేదు. అది ఆటను చూసింది, రక్తాన్ని చూసింది, రెంటికీ ముడి పెట్టేసింది. ఇరుకున నెట్టింది కంపెనీ. ఆ ఇరుకులోంచి బయటపడినందుకు మచ్చ తాతముత్తాతలకు, శిక్ష మొగిలికి.

సోమవారం ఆమె మృణాళినిని ఒకటే అడిగింది. పొరపాటున గద్దెలు తారుమారైన వాళ్ళెవరైనా ఉన్నారా? ఉన్నారని మృణాళిని చెప్పింది. ఇంటిపేరు తప్పుగా కొట్టి, పెద్ద వంశాలవాళ్ళయి ఉండీ చిన్న సంస్థానాల్లో పడ్డ వాళ్ళు కొందరున్నారు. వాళ్ళూ అచ్చం అలాగే మాట తప్పారు. కొద్దిమందే కావడంతో, లెక్కను పాడు చేస్తున్నారని వాళ్ళను తీసి పక్కన పెట్టమన్నారట. పెట్టమన్నదెవరని స్వరూప అడగలేదు. ఇద్దరూ కలిసి పైకి వెళ్ళి సాకేత్‌కు అంతా చెప్పారు. అతను శ్రద్ధగా విన్నాడు. చాలా విలువైన పరిశీలన అన్నాడు. వచ్చే ఏడాది కొత్త రూపం తెచ్చేటప్పుడు దీన్ని తప్పకుండా చూద్దామన్నాడు. అప్పటిదాకా ఎర్రరంగు పడ్డవాళ్ళ సంగతేమిటని అడిగితే, అది మన చేతుల్లో లేదన్నాడు.

ఈలోగా ఆసుపత్రిలో అసలు దొంగ దొరికాడు. మత్తు డాక్టరే. బట్టలు మార్చుకునే గదిలో తన చేతికే సూది గుచ్చుకుంటూ ఒక నర్సు కంటపడ్డాడు. పరీక్షలో అతనిది నిగనిగలాడే పచ్చరంగు. పాపం, జబ్బుమనిషి అని జాలిపడి యాజమాన్యం అతన్ని గుట్టుగా చికిత్సకు పంపింది. మొగిలికి మాత్రం ఎవరూ ఫోను చెయ్యలేదు. ఎదురుచూసి ఎదురుచూసి అతనే చేశాడు. అవతలి మనిషి మర్యాదగానే జవాబిచ్చింది.

"మీరు చెయ్యలేదని తేలింది సార్. చెయ్యరని తేలలేదు కదా."

ఆ మాట తమ్ముడి నోట విన్నాక స్వరూపకు రెండు రోజులు అన్నం సయించలేదు. మనిషి చేసిన తప్పుకు శిక్ష వెయ్యడం విన్నది, చెయ్యని తప్పుకు వెయ్యడమూ విన్నది. ఇంకా చెయ్యని, ఎన్నడూ చెయ్యబోని తప్పుకు ముందే వేసి పెట్టుకోవడం ఇప్పుడే చూస్తోంది. దాన్ని సైన్సు అంటున్నారు. అందులో తన రాతలున్నాయి.

ఏటా హైదరాబాదులో 'ఏలుబడి' పోటీలు జరుగుతాయి. మొదటి రోజు సాకేత్ వేదిక మీద చక్రవర్తి గద్దె తీసుకుని, ఆహ్వానం అందుకున్న ఆటగాళ్ళతో ఒక ప్రదర్శన ఆట ఆడటం ఆనవాయితీ. ఆ ఆటకు రాజ్యపటం సిద్ధం చేసే అధికారం నిబంధనల బాధ్యురాలిది. ఆ ఏడు ఆమె ఆహ్వానితుల్లో మొగిలి పేరు చేర్చింది. అతను రానంటే శోభే అతని చొక్కా ఇస్త్రీ చేసి, పొమ్మని బయలుదేరదీసింది.

హాలు కిక్కిరిసింది. స్వరూప మైకు తీసుకుని, ఈసారి గద్దెలు తారుమారు చేశామని, శాసనాల్లో ఉన్నవాళ్ళకు సామంతరాజ్యాలు, లేనివాళ్ళకు సామ్రాజ్యాలు ఇచ్చామని ప్రకటించింది. జనం ఈలలు వేశారు. సాకేత్ ఒక్క క్షణం ఆమె వైపు చూశాడు. అంతమంది ముందు కాదనలేక నవ్వుతూ రాళ్ళవాగు గద్దె మీద కూర్చున్నాడు. చక్రవర్తి స్థానంలో మొగిలి కూర్చున్నాడు.

ఆట సాగింది. వానలు తప్పాయి. ఉత్తరాన శత్రువులు లేచారు. మొగిలి ఎదుట రెండే దారులున్నాయి, సైన్యానికి తిండి పెట్టడమో, రాజధాని పోగొట్టుకోవడమో. అతను చాలాసేపు తటపటాయించి కప్పం మూడింతలు చేశాడు. రాళ్ళవాగు కట్టలేకపోతే, హామీగా పిల్లను అడిగాడు. స్వరూప తల తిప్పుకుంది. తమ్ముడు ఆ పని చెయ్యడేమోనని లోపల ఆశపడింది. అతను చేశాడు. ఆ గద్దె అతని చేత చేయించింది.

ఇక సాకేత్ వంతు. అతను ఆలోచించలేదు. ఆటలో ఆరితేరినవాడు, బతికే దారి ఎటుందో అతనికి తెలుసు. పిల్లను దాచేశాడు, భటులను కోటలోనే చంపించాడు, చక్రవర్తి శత్రువుతో చేతులు కలిపాడు. అతని వెనకాల పెద్ద తెర మీద 'ప్రమాణభంగం' అని ఎర్రగా పడింది. హాలంతా గొల్లున నవ్వింది. మిగతా సామంతులు, పచ్చరంగు వంశాల పెద్దమనుషులు, ఒకరి వెనక ఒకరు అదే దారి పట్టారు. మొగిలి గద్దె మీద మాత్రం ఆఖరిదాకా ఒక్క ముద్ర పడలేదు. సార్వభౌముడు ఎవరికీ ప్రమాణం చెయ్యక్కర్లేదు కాబట్టి తప్పే అవసరమూ లేదు.

నవ్వులు అణగకముందే స్వరూప మళ్ళీ మైకు తీసుకుంది. రంగస్థలం మాటలేమీ చెప్పలేదు. వంశదీపం ఎలా పనిచేస్తుందో, గద్దెలు ఎవరికి ఎలా పంచారో, తారుమారైన వాళ్ళను లెక్కలోంచి ఎలా తీసేశారో విడమరచి చెప్పింది. "మీల ఎంతమందికి ఎర్రరంగు వచ్చిందో నాకు తెల్వదు," అంది చివరికి. "ఎంతమంది కొలువులు పోయినయో తెల్వదు. నాది గూడ ఎరుపే. ఇప్పుడు సాకేత్ సార్ ఆడింది చూసిండ్రు గదా. ఆయన తాతలను ఏమని పిలుద్దాం?"

ముందు వరసలో కూర్చున్న మృణాళిని లేచి, ఆమె చెప్పింది నిజమని, ఆ లెక్కలు చేసింది తానేనని అంది. మైకు ఆపేశారు. అప్పటికే ఆ మాట చివరి వరస దాకా వినబడింది.

ఇద్దరి ఉద్యోగాలూ ఆ వారమే పోయాయి. ఆటను శాస్త్రంతో ముడిపెట్టి జనాన్ని తప్పుదారి పట్టించారని కంపెనీ వాళ్ళ మీదే ఆరోపణ చేసింది. ఆ ముడి వేసిందెవరో దానికి గుర్తు రాలేదు. ఎర్రరంగు పడి పనులు పోయినవాళ్ళు ఊరూరి నుంచి స్వరూపను వెతుక్కుంటూ వచ్చారు. బడి బస్సు నడిపేవాడు, గోదాము కాపలా మనిషి, పసిపిల్లల వార్డులో ఆయా. అందరూ కలిసి కోర్టుకెక్కారు. ఆ గోల భరించలేక సాకేత్ పాత పరీక్షను ఆపి, దోషాలు సవరించామంటూ కొత్తది విడుదల చేశాడు.

అప్పుడు ఆసుపత్రి నుంచి మొగిలికి పిలుపొచ్చింది. స్వరూప కూడా వెళ్ళింది. మేనేజరు లేచి నిలబడి చెయ్యి కలిపాడు. జరిగినదానికి చింతిస్తున్నామని, ఉద్యోగం మీదేనని, స్టోరు మీరు లేక చిందరవందరగా ఉందని చెప్పాడు. తాళం చెవుల గుత్తి తీసి బల్ల మీద పెట్టాడు. దాని పక్కనే కొత్త గాజు గొట్టం ఒకటి పెట్టాడు.

"ఇది సవరించిన పరీక్ష మొగిలి గారూ. మీకు పచ్చే వస్తుంది, మాకు నమ్మకముంది. ఊరికే రికార్డు కోసం. ఒక్కసారి ఉమ్మితే చాలు."

మొగిలి తాళం చెవుల వైపు చూశాడు. స్వరూపకు తీసుకోమనడానికీ నోరు రాలేదు, వద్దనడానికీ రాలేదు. శోభ ఇంటి దగ్గర ఎదురుచూస్తోంది.

"నమ్మకముంటే చెవులియ్యుండ్రి సార్," అన్నాడు మొగిలి, గొంతు పెంచకుండా. "లేకుంటే ఉంచుకోండ్రి. అన్నేండ్లు మీ మందులు కాసిన, నా చేతుల ఒక్క సీసా పోలె. అది మీకు సాలకపోతే నా రక్తం గూడ సాలదు. ఇగ ఉమ్ముడంటరా, నాకు ఉమ్మబుద్ధయితనే ఉన్నది. గాని ఈ గొట్టంల కాదు."

మేనేజరు తనకు తెలియకుండానే కుర్చీని వెనక్కి జరుపుకున్నాడు.